దళారి చేసిన నష్టానికి జమానతు ఎవరు?
స్థిరాస్తి ఏజెంట్ల మోసాలు, పరిహార నిధులు, షరీఅత్ దృష్టి

ఇల్లు గాని, ఇంటిస్థలం గాని కొనడం సామాన్య కుటుంబానికి జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే జరిగే పని. గల్ఫు దేశాలలో ఏళ్ళ తరబడి శ్రమించి పంపిన సొమ్ము, పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన మొత్తం, ఇంటి ఆడవారి నగలు అమ్మగా వచ్చిన డబ్బు, ఇవన్నీ కలిసి ఒక ప్లాటుగా మారుతాయి. ఆ వ్యవహారంలో కొనేవానికీ అమ్మేవానికీ మధ్య సాధారణంగా ఒక దళారి ఉంటాడు. స్థలం చూపించేది అతడు. కాగితాలు తెచ్చేది అతడు. చాలాసార్లు బయానా సొమ్ము కూడా అతని చేతిమీదుగానే పోతుంది.

అట్టి దళారి మోసగించినప్పుడు బాధితుడు న్యాయస్థానానికి పోతాడు. కొన్నేళ్ళకు తీర్పు అతని పక్షాన వస్తుంది. కాని అప్పటికి దళారి దివాలా తీసి ఉంటాడు, లేదా ఊరు విడిచి పోయి ఉంటాడు, లేదా ఆస్తులన్నీ ఇతరుల పేర డాఖలు చేసి ఉంటాడు. డిక్రీ చేతికి వస్తుంది, డబ్బు రాదు. న్యాయం జరిగినట్లే ఉంటుంది గాని, నష్టం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? నేరస్థుని వద్ద ఏమీ లేదు కనుక బాధితుడే భరించాలా? లేక ఆ దళారికి లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వమూ, అదే లైసెన్సుతో బ్రతుకుతున్న వృత్తివారూ కొంత భరించాలా? ఈ ప్రశ్నకు సమాధానంగానే కొన్ని దేశాలలో పరిహార నిధులు ఏర్పడినవి. వాటి పనితీరు ఏమిటో, షరీఅత్ కొలబద్దతో చూస్తే వాటిలో గ్రహించదగినదీ వర్జించదగినదీ ఏమిటో, మన దేశంలో ఈ విషయం ఎంతవరకు వచ్చినదో ఈ వ్యాసంలో పరిశీలించడం జరుగుతుంది.

దళారి అమీను

దళారీ వృత్తి ఇస్లాంలో నిషిద్ధం కాదు. ఇమామ్ బుఖారీ తన సహీహ్ గ్రంథంలో దళారీ ప్రతిఫలాన్ని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంచి, ఇబ్ను సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ వంటి తాబయీ పండితులు అందులో దోషం చూడలేదని పేర్కొన్నారు. దైవప్రవక్త (స) కాలంలో మదీనా బజారులోని వ్యాపారులను ‘సమాసిరా’, అనగా దళారులు అని పిలిచేవారు. ఆయన (స) వారి వద్దకు వచ్చి, అంతకంటె మంచి పేరుతో, ‘తుజ్జార్’ అని, అనగా వర్తకులు అని సంబోధించారనీ, క్రయవిక్రయాలలో వ్యర్థపు మాటలూ ప్రమాణాలూ దొర్లుతుంటాయి గనుక వ్యాపారంలో సదఖాను కలుపుకోవలసిందని బోధించారనీ హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. ఒక వృత్తికి గౌరవనీయమైన పేరు పెట్టి, అదే నోట ఆ వృత్తిలో పుట్టే మాలిన్యానికి వారి సంపాదన నుండే ప్రక్షాళన సూచించడం ఇందులో గమనించదగిన విషయం.

ఫిఖ్హ్ పరిభాషలో ఇతరుల పక్షాన వ్యవహరించేవాడు వకీలు. అతని చేతిలోని సొమ్ము అమానతు. అతని దోషం లేకుండా ఆ సొమ్ము నశిస్తే అతడు బాధ్యుడు కాడు. కాని అతడు హద్దు మీరినా, అజాగ్రత్త చూపినా, అమానతు కాస్తా జమానుగా మారుతుంది, అనగా నష్టాన్ని అతడే పూరించాలి. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించవలసిందని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 58వ ఆయతులో ఆజ్ఞాపించింది. అదే సూరా 29వ ఆయతు ఒకరి సొమ్మును ఒకరు అన్యాయంగా తినడాన్ని నిషేధించింది. భూమి విషయంలో హెచ్చరిక మరింత తీవ్రమైనది. జానెడు నేలను దౌర్జన్యంగా తీసుకొన్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

ఇంకొక ముఖ్యమైన ఉదాహరణ కలదు. దర్జీ, అద్దకంవాడు మొదలగు పనివారి చేతిలోని వస్తువు మూలసూత్రం ప్రకారం అమానతే. అయినా వస్తువు పోయిందని చెప్పి తప్పించుకొనడం పెరిగినప్పుడు, వారిని బాధ్యులుగా నిర్ణయించకపోతే ప్రజల వ్యవహారాలు చక్కబడవని హజ్రత్ అలీ (రజి) అభిప్రాయపడినట్లు ఉల్లేఖనాలు ఉన్నవి. ప్రజల సొమ్ముకు రక్షణ కావలసి వచ్చినప్పుడు బాధ్యతా నియమాన్ని కట్టుదిట్టం చేయడం షరీఅత్ స్వభావానికి విరుద్ధం కాదని దీనివలన తెలుస్తుంది.

కాలిఫోర్నియా పద్ధతి

అమెరికాలో స్థిరాస్తి ఏజెంట్లకు లైసెన్సు విధించిన మొదటి రాష్ట్రాలలో కాలిఫోర్నియా ఒకటి. 1917లో చేసిన చట్టాన్ని న్యాయస్థానం చెల్లదన్నది. 1919లో మరల చేసిన చట్టం నిలిచింది. లైసెన్సు వలన అర్హత లేనివారిని కొంతవరకు ఆపవచ్చు గాని, లైసెన్సు ఉన్నవాడే మోసం చేస్తే బాధితునికి డబ్బు ఎక్కడినుండి రావాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. 1964లో ఆ రాష్ట్రం ఇందుకొక నిధిని నెలకొల్పింది. ఇప్పుడు దానిని వినియోగదారుల రికవరీ ఖాతా అంటారు. దీనికి సొమ్ము సాధారణ పన్నుల నుండి కాక, ఏజెంట్లు చెల్లించే లైసెన్సు రుసుముల భాగం నుండి వస్తుంది.

నిధి నుండి సొమ్ము పొందడానికి షరతులు కఠినంగానే ఉన్నవి. మోసం చేసినవాడు ఆ సమయంలో లైసెన్సుదారుడై ఉండాలి. అతడు లైసెన్సు అవసరమైన పని చేస్తూ మోసగించి ఉండాలి. బాధితుడు అతనిపై న్యాయస్థానంలో తుది తీర్పు గాని, మధ్యవర్తి తీర్పు గాని, క్రిమినల్ కేసులో నష్టపరిహారపు ఉత్తరువు గాని పొందాలి. ఆ తీర్పు బుద్ధిపూర్వకమైన మోసానికి గాని, నమ్మి అప్పగించిన సొమ్మును స్వాహా చేసినందుకు గాని సంబంధించినదై ఉండాలి. కేవలం అజాగ్రత్త, అవగాహన లోపం ఇందులోకి రావు. తరువాత దోషి ఆస్తుల కోసం తగినంత వెదకి, వసూలు కాలేదని చూపించాలి. తీర్పు ఖాయమైన నాటి నుండి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి.

చెల్లింపుకు పరిమితి ఉన్నది. 2009 జనవరి 1 తరువాతి వ్యవహారాలకు ఒక్కొక్క లావాదేవీకి 50,000 డాలర్లు, ఒక్కొక్క లైసెన్సుదారుని విషయంలో మొత్తం 2,50,000 డాలర్లు. అంతకు పూర్వం ఇవి 20,000, 1,00,000 డాలర్లుగా ఉండేవి. ఒకే ఏజెంటు చేతిలో అనేకమంది మోసపోయి, వారి కోరికలు పరిమితిని మించిపోతే, ఉన్న మొత్తాన్ని వారి నష్టాల నిష్పత్తిలో పంచుతారు. వాస్తవంగా పోయిన సొమ్ముకే గాని, రాగలదనుకొన్న లాభానికి పరిహారం లేదు.

ఇందులో అన్నిటికంటె ముఖ్యమైనది ఆఖరి అంశం. నిధి చెల్లించినంత మాత్రాన దోషి విముక్తుడు కాడు. చెల్లింపు జరిగిన క్షణం నుండి అతని లైసెన్సు దానంతటదే నిలిచిపోతుంది. నిధికి ఆ సొమ్మును వడ్డీతో సహా తిరిగి కట్టేవరకు అతడు ఆ వృత్తిలో అడుగు పెట్టలేడు. దివాలా కోర్టు అతని అప్పులన్నీ రద్దు చేసినా ఈ అడ్డంకి తొలగదు. కనుక నిధి దోషి భారాన్ని మాఫీ చేయడం లేదు. బాధితుడు దోషి వెంట తిరుగుతూ ఎదురుచూడవలసిన భారాన్ని అతని భుజాల మీద నుండి తీసి, వృత్తిదారులందరి మీద పెడుతున్నది.

విక్టోరియా పద్ధతి

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1980 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం ప్రకారం, కొనుగోలుదారుల బయానా వంటి సొమ్మును ఏజెంటు తన సొంత డబ్బుతో కలపరాదు. దానిని ట్రస్టు ఖాతా అనే వేరు ఖాతాలో జమ చేయాలి. ఈ ఖాతాలపై బ్యాంకులు ఇచ్చే వడ్డీ ఏజెంటుకు గాని, కొనుగోలుదారునికి గాని చెందదు. అది ‘విక్టోరియన్ ప్రాపర్టీ ఫండ్’ అనే నిధికి పోతుంది. ఏజెంటు ట్రస్టు సొమ్మును దుర్వినియోగం చేసినప్పుడు నష్టపోయినవారికి ఆ నిధి నుండి పరిహారం ఇవ్వబడుతుంది.

అమానతు సొమ్మును వేరుగా ఉంచాలన్న నియమం చాలా విలువైనది. ఫిఖ్హ్ గ్రంథాలు కూడా అమానతును సొంత సొమ్ముతో వేరు చేయరానంతగా కలిపివేయడాన్ని హద్దు మీరడంగానే పరిగణించాయి. మోసాలలో ఎక్కువ భాగం మొదట ‘వాడుకొని మళ్ళీ పెట్టేద్దాం’ అన్న తలంపుతో ఇక్కడే మొదలవుతాయి. అయితే ఈ నిధికి ఆధారం బ్యాంకు వడ్డీ. ఆ అంశాన్ని ముస్లిం పాఠకుడు దాటిపోలేడు.

షరీఅత్ కొలబద్ద

ఒకరి బరువును మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ అల్ అన్ఆమ్ సూరా 164వ ఆయతు చెబుతున్నది. మరి ఒక ఏజెంటు చేసిన మోసానికి నిజాయితీపరులైన ఏజెంట్ల రుసుము నుండి చెల్లించడం న్యాయమేనా అన్న సందేహం కలగవచ్చు.

ఇస్లామీ చట్టంలో ‘ఆఖిలా’ అనే వ్యవస్థ ఉన్నది. పొరపాటున ఒకరి ప్రాణం పోయినప్పుడు చెల్లించవలసిన దియత్‌ను దోషి ఒక్కడే కాక అతని వర్గం వారందరూ పంచుకొని కట్టడం దాని సారాంశం. మొదట అది తెగను బట్టి ఉండేది. హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల పేర్లతో దీవాన్ అనే పట్టికలు ఏర్పరచిన తరువాత, ఒకే దీవానులో నమోదైనవారు ఒకరికొకరు ఆఖిలా అయ్యారు. హనఫీ పండితులు దీనినే అనుసరించారు. ప్రజల మధ్య పరస్పర సహాయం వృత్తిని బట్టి జరుగుతుంటే ఆ వృత్తివారే ఆఖిలా అవుతారని మర్‌గీనానీ ‘హిదాయా’లో కూడా వివరించబడినది. ఒకే రిజిస్టరులో పేర్లు ఉన్న వృత్తిదారులు ఒక బాధ్యతను పంచుకొనడమన్న భావన మన ఫిఖ్హ్‌కు కొత్తది కాదు.

అయితే ఈ పోలికను హద్దు మించి సాగదీయరాదు. ఆఖిలా పొరపాటుకే వర్తిస్తుంది, ఉద్దేశపూర్వకమైన నేరానికి వర్తించదు. అది ప్రాణం, శరీరం విషయంలోనే గాని, ధననష్టం విషయంలో లేదు. పరిహార నిధి చెల్లించేది సరిగ్గా ఉద్దేశపూర్వకమైన ధనమోసానికే. కనుక దానికి ఆధారం ఆఖిలా కాదు. దానిని కఫాలతు, అనగా హామీ, పరస్పర సహాయం అన్న కోణం నుండి చూడడం సమంజసంగా ఉంటుంది. వృత్తిలో ప్రవేశించేవాడు ప్రజలకు నష్టం కలిగితే సహాయ నిధిలో తనకూ వాటా ఉండాలన్న షరతును ముందే అంగీకరించి ప్రవేశిస్తున్నాడు. ఇక్కడ ఒకరి పాపం మరొకరి మీద పడడం లేదు. పాపం చేసినవానిదే, అతని నుండి వసూలు చేసే హక్కు కూడా నిలిచే ఉన్నది. ఇస్లామీ సమావేశ సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1985లో జిద్దాలో, లాభాపేక్షతో నడిచే వాణిజ్య బీమాను నిషిద్ధమని నిర్ణయిస్తూనే, విరాళం, పరస్పర సహకారం పునాదిగా గల సహకార బీమాను ధర్మసమ్మతమన్నది. వృత్తిదారుల చందాలతో నడిచే నిధి ఈ రెండవ దానికి సమీపంగా ఉన్నది.

దైవప్రవక్త (స) కాలం నాటి ఒక సంఘటన ఈ విషయానికి మరింత దగ్గరగా వస్తుంది. ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయి, అప్పుల పాలయ్యాడు. అతనికి సదఖా ఇవ్వవలసిందని ఆయన (స) ప్రజలతో చెప్పారు. ప్రజలు ఇచ్చారు. అయినా అది అప్పులన్నిటికీ చాలలేదు. అప్పుడు అప్పులవారితో, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని ఆయన (స) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం కలదు. కొనుగోలులో దెబ్బతిన్నవానిని సమాజం ఒంటరిగా వదలలేదు. అదే సమయంలో సహాయానికి ఉన్న హద్దును కూడా దాచలేదు. జకాతు పంపిణీకి అత్తౌబా సూరా 60వ ఆయతు పేర్కొన్న ఎనిమిది వర్గాలలో ‘గారిమీన్’, అనగా అప్పుల భారంలో చిక్కినవారు కూడా ఉన్నారు. ప్లాటు పేరిట మోసపోయి, అప్పు తీర్చలేని స్థితికి వచ్చిన ముస్లిం ఈ వర్గంలోకి రాగలడు. జకాతు నిధుల నిర్వాహకులు ఇట్టివారిని ‘ఇల్లు కొనగలిగినవాడు కదా’ అని తోసిపుచ్చరాదు.

వడ్డీ విషయం వేరు. అమానతు సొమ్మును వడ్డీ తెచ్చే ఖాతాలో ఉంచే ఏర్పాటును, దోషి నుండి వడ్డీతో వసూలు చేయడాన్ని షరీఅత్ దృష్టితో సమర్థించలేము. అట్టి నిధి నుండి బాధితుడు తీసుకొనేది తన పోయిన అసలు సొమ్మా, అధికమా అన్న తేడాను చూడవలసి ఉంటుంది. అట్టి దేశాలలోని ముస్లింలు తమ వ్యవహారాన్ని విశ్వసనీయులైన ముఫ్తీల ముందుంచి తీర్పు పొందడం మేలు. కాని నిధికి వడ్డీ తప్పనిసరి కాదన్న సంగతి మరువరాదు. కాలిఫోర్నియా నిధి ప్రధానంగా లైసెన్సు రుసుములపై నిలిచినదే.

మన దేశంలో స్థితి

భారతదేశంలో ఇళ్ళ వ్యవహారం 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో స్పష్టం చేసింది. ఆ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. ప్రత్యేకంగా స్థిరాస్తి కోసం 2016లో చేసిన నియంత్రణ చట్టం, జనం నోట ‘రెరా’, 2017 మే 1 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేర్వేరు రెరా సంస్థలు ఉన్నవి.

ఈ చట్టం ప్రకారం రిజిస్టరు కాని ఏజెంటు రిజిస్టరు కావలసిన ప్రాజెక్టులలోని ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించరాదు. రిజిస్టరైన ఏజెంటుకు ఒక సంఖ్య ఉంటుంది, తాను కుదిర్చే ప్రతి అమ్మకంలో దానిని చూపాలి. రిజిస్టరు కాని ప్రాజెక్టును అతడు అమ్మించరాదు. రిజిస్ట్రేషను లేకుండా దళారీ చేసేవానికి రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. బిల్డరు కొనుగోలుదారుల నుండి తీసుకొన్న సొమ్ములో 70 శాతం వేరు ఖాతాలో ఉంచాలి. రాతపూర్వకమైన ఒప్పందం చేసి రిజిస్టరు చేయించకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. ఏజెంటుపై కూడా రెరాలో ఫిర్యాదు చేయవచ్చు. విధించిన పరిహారాన్ని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చు.

ఇవన్నీ మేలైన నియమాలే. కాని దోషి వద్ద వసూలు కాదగినది ఏమీ లేనప్పుడు బాధితునికి చెల్లించే నిధి ఈ చట్టంలో లేదు. చట్టం ఒక ‘నియంత్రణ నిధి’ని ఏర్పరచింది గాని, అది సంస్థ సభ్యుల జీతాలకు, కార్యాలయ ఖర్చులకు ఉద్దేశించినది. జరిమానాలు ప్రభుత్వం నిర్దేశించిన ఖాతాకు పోతాయి, మోసపోయినవానికి కాదు. కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల సంక్షేమ నిధి కూడా వ్యక్తుల నష్టాలను పూరించేది కాదు. అదే స్టాక్ ఎక్స్‌ఛేంజీలలో, దివాలా తీసిన బ్రోకరు ఖాతాదారులకు పరిమితి మేరకు చెల్లించే మదుపరుల రక్షణ నిధులు ఉన్నవి. షేర్లు కొన్నవానికి ఉన్న రక్షణ ఇల్లు కొన్నవానికి లేకపోవడం ఆలోచించవలసిన విషయం. ఏజెంట్ల రిజిస్ట్రేషను రుసుములలో కొంత, జరిమానాలలో కొంత వేరు చేస్తే వడ్డీతో పని లేకుండానే ఇట్టి నిధి ఏర్పడగలదు.

ఇట్టి నిధి వస్తే కొనేవారు అజాగ్రత్తగా ఉంటారన్న ఆక్షేపణ ఉన్నది. పరిమితి, తుది తీర్పు, ఆస్తుల వెదుకులాట వంటి షరతులు ఉన్నచోట నిధిని నమ్ముకొని ఎవరూ కావాలని మోసపోరు. నిధి ఉన్నా లేకున్నా కొనేవాని బాధ్యత కొనేవానిదే. వ్యవహారాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశించింది. దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అదే కావడం గమనార్హం. దీని వెలుగులో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏజెంటు సంఖ్యను, ప్రాజెక్టు సంఖ్యను రెరా వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. లింకు దస్తావేజులు, ఈసీ స్వయంగా తీయించి న్యాయవాదికి చూపించాలి. ఆ సర్వే నంబరు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని నిషేధిత జాబితాలో ఉన్నదా, వక్ఫ్ భూమా అన్నది విచారించాలి. బయానాను దళారికి నగదుగా ఇవ్వక, యజమాని ఖాతాకు బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకోవాలి. ‘మనవాడే, నమాజీ’ అన్న నమ్మకం కాగితానికి బదులు కాదు. రాసుకొనుమన్న ఆజ్ఞ విశ్వాసులను ఉద్దేశించి వచ్చినదే. పాత ఇళ్ళ అమ్మకాలు, చిన్న వ్యవహారాలు చాలావరకు రెరా పరిధికి బయట ఉంటాయి గనుక అక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం.

దళారీ చేసే ముస్లిం సోదరులు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక దళారి మోసం చేస్తే ఆ మచ్చ వృత్తి అంతటికీ అంటుతుంది, నిజాయితీపరుని జీవనోపాధి కూడా దెబ్బతింటుంది. ఆయా పట్టణాలలోని దళారుల సంఘాలు ప్రభుత్వం కోసం ఎదురు చూడకుండా, ప్రతి వ్యవహారపు ప్రతిఫలం నుండి కొంత వేరుచేసి, తమ సభ్యుల చేతిలో నష్టపోయినవారికి సహాయపడే నిధిని నెలకొల్పుకొనడానికి అడ్డేమీ లేదు. వ్యాపారంలో సదఖాను కలుపుకోండని మదీనా బజారులో అందిన బోధకు నేటి కాలంలో అది ఒక ఆచరణ రూపం కాగలదు.

ప్రజల అమానతును చేతపట్టి బ్రతికే వృత్తి, ఆ అమానతు చెడినప్పుడు జమానతులో కూడా పాలు పంచుకోవాలి. దోషిని వదలని, బాధితుని ఒంటరిగా విడువని, వడ్డీతో నిమిత్తం లేని ఏర్పాటు ఎక్కడ కుదిరితే అక్కడ దానిని సమర్థించడం, లేనిచోట దానిని కోరడం ముస్లిం సమాజానికి తగిన పని.